బఫర్ మోడల్‌లో ఆ నాలుగు వరుసలు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి, పెదనాయన ఆశీస్సులు.

నీవు పంపిన ఐబిస్ ఫైలును (చిప్పు పిన్నుల ప్రవర్తనను సిమ్యులేటర్‌కు చెప్పే ఫైలు), దానితో పాటు పంపిన లాజిక్ బఫర్ (సంకేతాన్ని ముందుకు నడిపే చిప్పు) డేటాషీట్‌ను పక్కపక్కన పెట్టుకొని చదివాను. 3.3 వోల్టుల అవుట్‌పుట్ మోడల్‌లో విమీస్ (కాలాన్ని నమోదు చేసే వోల్టేజి గీత) 1.65 వోల్టులు, సీరెఫ్ (పరీక్షా కెపాసిటర్) 15 పికోఫారడ్‌లు, ఆర్‌రెఫ్ (పరీక్షా రెసిస్టర్) 50 ఓమ్‌లు, విరెఫ్ (ఆ రెసిస్టర్ అవతలి కొసన ఉండే వోల్టేజి) సున్నా అని ఉన్నాయి. మీ బోర్డు మీద ఆ బఫర్ నడిపేది ఒకే రిసీవర్‌ను కాబట్టి, సీరెఫ్‌ను 5 పికోఫారడ్‌లకు తగ్గిస్తే లెక్క వాస్తవానికి దగ్గరగా వస్తుందా అని అడిగావు. రాదు, తగ్గించవద్దు. ఆ నాలుగు విలువలకూ మీ బోర్డుకూ ఏ సంబంధమూ లేదు. అవి చిప్పు తయారుచేసిన కంపెనీ తన ప్రయోగశాలలో ఆలస్యాన్ని కొలిచేటప్పుడు పిన్నుకు తగిలించిన లోడును వర్ణించే విలువలు. డేటాషీట్‌లో ఆ లోడు ఎలా ఉంటే మోడల్‌లోనూ అలాగే ఉండాలి. ఇప్పుడు నీ ఫైలులో అలా లేదు కనుక వాటిని మార్చవలసిందే, కానీ నీవు అనుకున్న వైపుకు కాదు.

ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం పట్టుబడకపోతే రేపు ఇంకో చిప్పు దగ్గర ఇదే సందేహం మళ్లీ వస్తుంది. డేటాషీట్‌లో ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు ఇన్ని నానోసెకన్లు అని రాసిన ఆలస్యం ఖాళీ పిన్ను దగ్గర కొలిచినది కాదు. పిన్నుకు ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ తగిలించి, ఆ పిన్ను వోల్టేజి ఒక నిర్ణీత గీతను దాటిన క్షణం దాకా కొలిచినది. అంటే ఆ కెపాసిటర్‌ను నింపడానికి డ్రైవర్‌కు, అంటే ఆ బఫర్ అవుట్‌పుట్‌కు, పట్టిన కాలం కూడా డేటాషీట్ అంకెలో కలిసిపోయి ఉంది. ఇక సిమ్యులేటర్‌లో నీవు మీ బోర్డు ట్రేస్‌ను (బోర్డు మీది రాగి దారిని), రిసీవర్‌ను పెట్టి నడిపినప్పుడు, డ్రైవర్ కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి రిసీవర్ దగ్గర గీత దాటే దాకా ఉన్న కాలం వస్తుంది. ఈ రెండింటినీ నేరుగా కూడితే డ్రైవర్ లేచే కాలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది. అందుకే సిమ్యులేటర్ ముందుగా అదే డ్రైవర్‌ను టెస్ట్ లోడ్‌తో, అంటే ఆ నాలుగు వరుసలు చెప్పే లోడుతో, ఒకసారి నడిపి, విమీస్‌ను దాటడానికి ఎంత కాలం పట్టిందో చూసి, ఆ కాలాన్ని రిసీవర్ దగ్గరి కాలంలోంచి తీసివేస్తుంది. మిగిలినదే ఫ్లైట్ టైమ్.

చిత్తూరు మార్కెట్‌లో మామిడికాయల క్రేటును తూచిన తరువాత ఖాళీ క్రేటు బరువును తీసివేయడం నీవు చిన్నప్పటి నుంచీ చూసినదే. కాయలు ఉన్న క్రేటు ఒకటి, తీసివేసిన బరువు వేరొక క్రేటుది అయితే కాటా ఎంత మంచిదైనా లెక్క తప్పుతుంది. ఇక్కడ టెస్ట్ లోడ్ ఆ ఖాళీ క్రేటు వంటిది. డేటాషీట్ ఏ లోడుతో కూడిందో, సిమ్యులేటర్ సరిగ్గా అదే లోడుతో తీసివేయాలి.

ఇంటెల్ చొరవతో 1993లో ఐబిస్ మొదలైనప్పుడు ఉద్దేశం ఒక్కటే: చిప్పు లోపలి ట్రాన్సిస్టర్ల రహస్యం బయటపడకుండా, పిన్ను దగ్గర బఫర్ ఎలా ప్రవర్తిస్తుందో పట్టికల రూపంలో ఇవ్వడం. పట్టికల వల్ల అలల ఆకారం తెలుస్తుంది గానీ, చిప్పు లోపల క్లాక్ అంచు నుంచి బఫర్ కదిలే దాకా పట్టే కాలం తెలియదు. ఆ కాలానికి డేటాషీట్ ఒక్కటే ఆధారం. పట్టికలనూ డేటాషీట్‌నూ కలిపే ముడి ఈ నాలుగు వరుసలలోనే ఉంది. సీరెఫ్ పిన్ను నుంచి గ్రౌండుకు ఉండే కెపాసిటర్, ఆర్‌రెఫ్ పిన్ను నుంచి విరెఫ్ అనే వోల్టేజికి ఉండే రెసిస్టర్, విమీస్ కాలాన్ని నమోదు చేసే గీత.

ఇప్పుడు మీ చిప్పునే తీసుకొని చేత్తో లెక్క వేద్దాం. డ్రైవర్ అవుట్‌పుట్ నిరోధం 25 ఓమ్‌లు అనుకుందాం, అంచు తక్షణమే లేస్తుందని అనుకుందాం. నిజమైన అంచులు అంత నిట్టనిలువుగా ఉండవు గానీ, అంకెల పరిమాణం మనసుకు పట్టడానికి ఇది చాలు. నీ డేటాషీట్ ప్రకారం లోడు 50 పికోఫారడ్‌లు, గ్రౌండుకు 500 ఓమ్‌లు, కొలిచే గీత 1.5 వోల్టులు. ఈ లోడుతో పిన్ను చివరికి 3.14 వోల్టుల దాకా వెళుతుంది, కాలస్థిరాంకం సుమారు 1.19 నానోసెకన్లు, 1.5 వోల్టులను దాటడానికి 0.77 నానోసెకన్లు పడతాయి. నీ ఫైలులో ఇప్పుడున్న విలువలతో అయితే పిన్ను 2.2 వోల్టుల దగ్గర ఆగుతుంది, కాలస్థిరాంకం 0.25 నానోసెకన్లు, 1.65 వోల్టులను దాటడానికి 0.35 నానోసెకన్లే పడతాయి. తేడా 0.42 నానోసెకన్లు. మామూలు ఎఫ్ఆర్-4 (గాజునార) బోర్డు పైపొరలో సంకేతం మీటరుకు సుమారు 6 నానోసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది కాబట్టి, ఈ తేడా ఏడు సెంటీమీటర్ల ట్రేస్‌కు సమానం. ట్రేస్ పొడవులను మిల్లీమీటర్ల లెక్కన సరిచూసుకుంటూ, ఫైలులోని ఈ కొన్ని వరుసలలో ఏడు సెంటీమీటర్లు పోగొట్టుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించు.

అదే లెక్కను రిసీవర్ దాకా కొనసాగిద్దాం. 50 ఓమ్‌ల ట్రేస్ పది సెంటీమీటర్లు, చివర 5 పికోఫారడ్‌ల రిసీవర్ ఉంటే, రిసీవర్ దగ్గర, అది సంకేతాన్ని హై అని గుర్తించే 2.0 వోల్టుల గీతను దాటేసరికి సుమారు 0.75 నానోసెకన్లు అవుతుంది. డేటాషీట్ లోడు ప్రకారం తీసివేస్తే ఫ్లైట్ టైమ్ 0.75లోంచి 0.77 పోగా మైనస్ 0.02 నానోసెకన్లు. నీ ఫైలు ప్రకారం తీసివేస్తే 0.40. ఈ మైనస్ గుర్తును చూసి భయపడవద్దు, దాన్ని తప్పుగా భావించి సరిదిద్దే ప్రయత్నం అసలే చేయవద్దు. సంకేతం బయలుదేరకముందే చేరిందని దాని అర్థం కాదు. మీ బోర్డు లోడు కంపెనీ పరీక్షా లోడు కన్నా తేలిక కావడం వల్ల, డేటాషీట్ చెప్పిన ఆలస్యం కన్నా కాస్త ముందే సంకేతం చేరుతోందని మాత్రమే అర్థం. 50 పికోఫారడ్‌ల మీద కొలిచిన పాత తరహా లాజిక్ చిప్పులను చిన్న ట్రేస్‌ల మీద వాడినప్పుడు ఇది సర్వసాధారణంగా కనిపిస్తుంది.

సీరెఫ్ తక్కువగా ఉంటే లెక్క జాగ్రత్త వైపే ఉంటుంది కదా, ఫ్లైట్ టైమ్ ఎక్కువగా కనిపిస్తే నష్టమేమిటి అని చాలామంది అనుకుంటారు. సెటప్ (క్లాక్ అంచుకు ముందే డేటా స్థిరపడి ఉండవలసిన కాలం) వరకు చూస్తే ఆ మాట నిజమే, అక్కడ నీకు 0.42 నానోసెకన్లు తక్కువ మిగులు కనిపిస్తుంది, అనవసరంగా ట్రేస్‌లు కుదించుకుంటావు. హోల్డ్ (క్లాక్ అంచు తరువాత కూడా పాత డేటా నిలిచి ఉండవలసిన కాలం) దగ్గర మాత్రం అదే అంకె ఎదురు తిరుగుతుంది. హోల్డ్‌కు సంకేతం ఎంత త్వరగా వస్తే అంత ప్రమాదం. రిసీవర్ దగ్గర సంకేతం, లో అని గుర్తించే హద్దు అయిన 0.8 వోల్టులను 0.65 నానోసెకన్ల దగ్గర దాటుతుంది, అసలు ఫ్లైట్ టైమ్ మైనస్ 0.12, నీ ఫైలు మాత్రం ప్లస్ 0.30 అని చూపిస్తుంది. కాగితం మీద హోల్డ్ హాయిగా నెగ్గుతుంది. బోర్డు శ్రీసిటీలో అసెంబ్లీ పూర్తిచేసుకొని మీ బల్ల మీదకు వచ్చిన తరువాత, కొన్ని బోర్డులు పనిచేసి కొన్ని పనిచేయక, వేడిగా ఉన్నప్పుడు ఒకలా చల్లగా ఉన్నప్పుడు ఒకలా ఉంటే, హోల్డ్ తప్పును వెతకడానికి పట్టే రోజులు లెక్కకు అందవు. సీరెఫ్ ఎక్కువగా రాస్తే ఇదంతా తలకిందులై, హోల్డ్ భయపెడుతుంది, సెటప్ మోసం చేస్తుంది. కాబట్టి ఈ విలువల విషయంలో జాగ్రత్త వైపు అనేది లేదు. సరైన విలువ ఉంది, అంతే.

సరైన విలువను డేటాషీట్‌లో ఎక్కడ చూడాలో ఇప్పుడు చెబుతాను, ఇక్కడే ఓపిక కావాలి. మొదటి పేజీలోని గొప్పలు, మధ్యలోని విద్యుత్ లక్షణాల పట్టిక దీనికి పనికిరావు. వెనకవైపు కొలతల సమాచారం అనే శీర్షిక కింద ఒక చిన్న సర్క్యూట్ బొమ్మ, దాని పక్కన ఒక పట్టిక ఉంటాయి. మీరు వాడుతున్న ఎల్‌వీసీ అనే లాజిక్ కుటుంబం చిప్పులలో ఆ బొమ్మను జాగ్రత్తగా చూడు. అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ ఉంటాయి. ఇంకొక రెసిస్టర్ ఒక స్విచ్చుకు వెళుతుంది. ఆ స్విచ్చుకు మూడు స్థానాలు: తెరిచి ఉంచడం, 6 వోల్టులకు కలపడం, గ్రౌండుకు కలపడం. ఆ 6 వోల్టులను చూసి విరెఫ్ 6 అని రాసినవారిని నేను ఎరుగుదును. అది తప్పు. 6 వోల్టుల స్థానం అవుట్‌పుట్‌ను మూసివేసే, తెరిచే ఆలస్యాలలో కొన్నింటిని కొలవడానికి మాత్రమే. ఇన్‌పుట్ మారితే అవుట్‌పుట్ మారే మామూలు ఆలస్యానికి స్విచ్చు తెరిచే ఉంటుంది, గ్రౌండు వైపు 500 ఓమ్‌లు మాత్రమే మిగులుతాయి. నీకు కావలసినది ఆ మామూలు ఆలస్యం కనుక మీ మోడల్‌లో సీరెఫ్ 50 పికోఫారడ్‌లు, ఆర్‌రెఫ్ 500, విరెఫ్ 0, విమీస్ 1.5 అని ఉండాలి. విమీస్‌ను సరఫరా వోల్టేజిలో సగంగా 1.65 అని ఎవరో ఊహించి రాసినట్లున్నారు. ఈ కుటుంబానికి 3.3 వోల్టుల దగ్గర గీత 1.5 వోల్టుల వద్దే ఉంది.

అదే పట్టికలో సరఫరా వోల్టేజి మారితే లోడు కూడా మారడం గమనించు. 2.5 వోల్టుల దగ్గర 30 పికోఫారడ్‌లు, 500 ఓమ్‌లు, 1.8 వోల్టుల దగ్గర 30 పికోఫారడ్‌లు, 1 కిలో ఓమ్. ఈ రెండింటిలోనూ గీత సరఫరాలో సగం. నీ ఫైలులో 1.8 వోల్టుల మోడల్ వేరుగా ఉంది, దాని కింద 3.3 వోల్టుల వరుసలనే యథాతథంగా అతికించారు. దానినీ విడిగా సరిచేయాలి. గీత సరఫరాలో సగం అన్నప్పుడు సరఫరా మారితే గీత కూడా కదులుతుంది కాబట్టి, అటువంటి చోట ఒకే విమీస్ సరిపోదు. మోడల్ స్పెక్ అనే విభాగంలో టిపికల్, మిన్, మ్యాక్స్ వరుసలో 0.9, 0.825, 0.975 అని మూడు విలువలు రాసుకోవచ్చు, అక్కడ రాసినవే చెల్లుబాటు అవుతాయి. సీరెఫ్‌ను మాత్రం మూడు కాలమ్‌లలో ఎక్కువ తక్కువలు చేయవద్దు. అది చిప్పు బయట ప్రయోగశాల బల్ల మీద ఉన్న కెపాసిటర్, చిప్పు నెమ్మదిగా ఉందా వేగంగా ఉందా అనే దానితో దానికి పనిలేదు.

లేచే అంచుకూ పడే అంచుకూ వేర్వేరు లోడులు ఉండే సందర్భాలూ ఉన్నాయి. కంప్యూటర్‌లో కార్డులను కలిపే పీసీఐ బస్ దీనికి మంచి ఉదాహరణ. 3.3 వోల్టుల పీసీఐలో లేచే అంచును గ్రౌండుకు 25 ఓమ్‌లు, 10 పికోఫారడ్‌లు పెట్టి, సరఫరాలో 0.285 వంతు దగ్గర కొలుస్తారు. పడే అంచును సరఫరాకు 25 ఓమ్‌లు, అదే కెపాసిటర్ పెట్టి 0.615 వంతు దగ్గర కొలుస్తారు. అంటే ఒక గీత 0.94 వోల్టుల దగ్గర, రెండవది 2.03 వోల్టుల దగ్గర. వీటిని రాయడానికి మోడల్ స్పెక్‌లో ప్రతి విలువకూ రైజింగ్, ఫాలింగ్ అనే రెండేసి రూపాలు ఉన్నాయి. రెండు అంచులకు ఉన్న వేర్వేరు లోడులను సగటు చేసి ఒక్కటిగా రాసేవారి మాట వినవద్దు.

ఇక నీ ఫైలులోకి ఆ 50 ఓమ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా నాకు అర్థమైంది. అదే మోడల్‌లో కిందికి వెళితే రైజింగ్ వేవ్‌ఫార్మ్ పట్టిక పైన ఆర్ ఫిక్స్చర్ 50, వీ ఫిక్స్చర్ 0 అని ఉంది. ఎవరో దానిని పైకి తెచ్చి ఆర్‌రెఫ్‌గా పెట్టారు. ఈ రెండూ చూడడానికి కవల పిల్లల్లా ఉన్నా పనులు వేరు. ఫిక్స్చర్ అనేది అలల పట్టికను తయారుచేసినప్పుడు వాడిన లోడు; ఆ పట్టిక నుంచి బఫర్ ఎలా తెరుచుకుంటుందో, ఎలా మూసుకుంటుందో సిమ్యులేటర్ వెనక్కి లెక్కగట్టడానికి అది ఉపయోగపడుతుంది. సాధారణంగా గ్రౌండుకు 50 ఓమ్‌లు, సరఫరాకు 50 ఓమ్‌లు పెట్టి లేచే, పడే అలలను రెండేసి చొప్పున తీస్తారు. దానికీ డేటాషీట్ ఆలస్యానికీ ఏ ముడీ లేదు. ఆ ఫిక్స్చర్ విలువలను నీవు ముట్టుకోవద్దు, అవి మారిస్తే బఫర్ ప్రవర్తనే చెడిపోతుంది. 15 పికోఫారడ్‌లు మాత్రం ఇంతకుముందటి బోర్డులో మూడు రిసీవర్ల లోడును కూడి రాసినట్లు నాకు తోస్తోంది. అలాగే సీ కాంప్ అనే చిప్పు లోపలి కెపాసిటెన్స్‌ను సీరెఫ్‌లో కలపకూడదు, ప్యాకేజి విలువలనూ కలపకూడదు. అవి మోడల్‌లో వేరుగా ఇప్పటికే ఉన్నాయి, డేటాషీట్ లోడు పిన్నుకు బయట ఉన్నది.

మిగతా రకాల బఫర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఓపెన్ డ్రెయిన్ అవుట్‌పుట్ తనంతట తాను పైకి లేవలేదు కాబట్టి ఆర్‌రెఫ్‌ను, పుల్-అప్ వోల్టేజిని విరెఫ్‌గా తప్పక రాయాలి. విరెఫ్ సున్నా అని ఉంటే సిమ్యులేటర్‌కు గీత దాటే క్షణమే దొరకదు. ఈసీఎల్ అనే వేగవంతమైన లాజిక్ కుటుంబానికి సరఫరా కన్నా 2 వోల్టులు తక్కువైన వోల్టేజికి 50 ఓమ్‌లు ఆనవాయితీ. డీడీఆర్3 మెమరీలో లోడు సరఫరాలో సగానికి, అంటే 0.75 వోల్టులకు 25 ఓమ్‌లు. ఎల్‌వీడీఎస్ వంటి జంట తీగలకు రెండింటి మధ్య ఉండే లోడును రాయడానికి వేరే పేర్లు ఉన్నాయి, అక్కడ కొలిచేది రెండు తీగల తేడా సున్నాను దాటే క్షణం. ఇన్‌పుట్ మోడల్‌కు ఇవేవీ అక్కరలేదు.

ఎఫ్‌పీజీఏ (లోపలి లాజిక్‌ను మనమే అమర్చుకొనే చిప్పు) విషయం మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బోర్డులో అవతలి కొసన ఉన్నది అదే. జైలింక్స్ 7 సిరీస్ డేటాషీట్‌లో అవుట్‌పుట్ ఆలస్యాన్ని ఎలా కొలిచారో చెప్పే పట్టికలో ఈ నాలుగు విలువలు ఇవే పేర్లతో నేరుగా ఇచ్చారు. 3.3 వోల్టుల ఎల్‌వీసీమాస్‌కు ఆర్‌రెఫ్ 1 మెగా ఓమ్, సీరెఫ్ సున్నా, విమీస్ 1.65, విరెఫ్ సున్నా. అంటే దాదాపు లోడే లేకుండా కొలిచారు. సీరెఫ్ సున్నా అని కనిపిస్తే ఎవరో రాయడం మరచిపోయారని అనుకొని 50 పెట్టకు, సున్నా కూడా ఒక విలువే. అయితే సున్నా అని రాయడం వేరు, వరుసే రాయకపోవడం వేరు. వరుస లేనప్పుడు ఒక్కో సిమ్యులేటర్ ఒక్కో రకంగా నడుచుకుంటుంది, కాబట్టి సున్నా అయినా స్పష్టంగా రాసి ఉంచు.

టైపు చేసేటప్పుడు ప్రమాణాల అక్షరాల దగ్గర నిదానించు. ఐబిస్‌లో చిన్న ఎమ్ మిల్లీ, పెద్ద ఎమ్ మెగా. 50 పక్కన పీ అక్షరం మరచిపోతే అది 50 ఫారడ్‌లు అవుతుంది. ఐబిస్ వారి తనిఖీ ప్రోగ్రాం ఐబిస్‌చెక్‌ను తప్పకుండా నడుపు, కానీ అది చూసేది ప్రధానంగా వ్యాకరణాన్ని. 50కి బదులు 15 రాశావని అది పట్టుకోలేదు, ఎందుకంటే నీ డేటాషీట్ దాని దగ్గర లేదు.

విలువలు మార్చిన తరువాత బోర్డును సిమ్యులేట్ చేయడానికి తొందరపడకు. ముందు డ్రైవర్‌ను, టెస్ట్ లోడును మాత్రమే ఒక ఖాళీ సర్క్యూట్‌లో పెట్టి నడుపు. 50 పికోఫారడ్‌లు గ్రౌండుకు, 500 ఓమ్‌లు గ్రౌండుకు నీ చేత్తో గీసి, 1.5 వోల్టులను అల ఎప్పుడు దాటుతోందో కర్సర్ పెట్టి చదువు. మూడు కార్నర్లలోనూ (టిపికల్, మిన్, మ్యాక్స్), రెండు అంచులలోనూ చదివి కాగితం మీద రాసుకో. తరువాత సిమ్యులేటర్ తన నివేదికలో తీసివేసిన కాలం ఎంతో చూడు. ఆ రెండూ ఏకీభవిస్తేనే మోడల్‌లోని వరుసలను సాఫ్ట్‌వేర్ నిజంగా చదువుతోందని అర్థం. ఏకీభవించకపోతే, సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో ఎవరైనా సొంత లోడు పెట్టి ఉంచారేమో వెతుకు, ప్యాకేజిని కలిపి కొలుస్తోందా వదిలి కొలుస్తోందా చూడు. ఈ పని ఒక పూట తీసుకుంటుంది. ఆ పూటను మీ టీమ్ లీడర్ దగ్గర ధైర్యంగా అడిగి తీసుకో.

ఫైలులో మార్చిన ప్రతి వరుస పైన నిలువు గీతతో ఒక వ్యాఖ్య రాయి: ఏ డేటాషీట్, ఏ రివిజన్, ఎన్నవ పేజీ, ఏ ఆలస్యానికి ఏ లోడు. డేటాషీట్ కొత్త రివిజన్‌లో కంపెనీ లోడును మారిస్తే ఆలస్యం అంకె కూడా మారుతుంది, అప్పుడు రెండూ కలిసే మారాలి. ఈ వ్యాఖ్య లేకపోతే నీ తరువాత వచ్చేవారు 500ను చూసి, కింద ఉన్న ఫిక్స్చర్‌ను చూసి, మళ్లీ 50 చేస్తారు.

మొదట 3.3 వోల్టుల మోడల్, తరువాత 1.8 వోల్టుల మోడల్ సరిచేసి, టెస్ట్ లోడు అలల బొమ్మలను, నీవు రాసుకున్న కాలాలను నాకు పంపు. హోల్డ్ మిగులు పాత లెక్క కన్నా 0.4 నానోసెకన్ల ప్రాంతంలో తగ్గి కనిపిస్తుంది. అది చూసి ఏ నెట్‌లను (పిన్నులను కలిపే ట్రేస్‌లను) పొడిగించాలో, ఏ డ్రైవర్ ముందు సిరీస్ రెసిస్టర్ పెట్టాలో లేఅవుట్ ఖరారయ్యే లోపలే మనం మాట్లాడుకోవచ్చు. ఆదివారం రేణిగుంట నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాయన